చిన్నయసూరి చూపిన వేకువ

పరవస్తు చిన్నయసూరి మదరాసులో తెలుగు పండితుడుగా పేరొందెను. పద్యకావ్యములందు వర్ణనలు కొల్లలుగా నుండినను, బాలురు చదువదగిన కథావచనము ఆనాడు కొరతగా నుండెను. ఆ లోటు తీర్ప నాతడు 1853లో నీతిచంద్రికను వెలువరించెను.

అందు మిత్రలాభ కథ గోదావరి యొడ్డునగల బూరుగుచెట్టుతో మొదలగును. తెల్లవారుచుండగా కాకికి యమునివంటి వేటగాడు కంటబడును. ఈ పోలిక సంస్కృత కథలోనిదే. దానిని తెలుగు బాలురకు అందించినవాడు సూరి. ఒక్క ఉపమచే ప్రశాంతమైన వేకువ భయంకరమగును. ముందు చోటును చూపి, పిదప పోలికతో దాని స్వభావమును మార్చు నేర్పును పిల్లలు ఈ కథనుండి గ్రహింపవచ్చును.

మిత్రలాభ మిత్రభేదములను మాత్రమే రచించి సూరి కన్నుమూసెను. సంధి విగ్రహములను పిమ్మట కందుకూరి వీరేశలింగము వ్రాసెను. వర్ణన నేర్పు ఉపాధ్యాయునకు ఆ బూరుగుచెట్టు నేటికిని పనికివచ్చును.