నిప్పురవ్వ లేని ఇంజను: రుడాల్ఫ్ డీజిల్ జీవితము

లారీకి పోయు నూనెను, ఆ నూనెతో నడచు ఇంజనును, ఒక్కొక్కప్పుడు బండినే కూడ జనులు డీజిలు అని వ్యవహరింతురు. అది ఒక మనుష్యుని ఇంటిపేరని యెరిగినవారు తక్కువ. ఆ మనుష్యుడు తన ఇంజనుతో నడచు లారీ ఒక్కటియైనను అంగడికి వచ్చుట చూడకయే గతించెను.

రుడాల్ఫ్ డీజిల్ 1858 మార్చి 18వ తేదీన పారిసు నగరమున జన్మించెను. తలిదండ్రులు జర్మనులు. తండ్రి థియొడోర్ తోలు సామగ్రి చేసి అమ్ముకొనుచుండెను. 1870లో ఫ్రాన్సుకును ప్రష్యాకును యుద్ధము సంభవింపగా కుటుంబము పారిసు విడిచి లండనుకు చేరవలసివచ్చెను. పూట గడచుటయే కష్టమైన ఆ దినములలో పండ్రెండేండ్ల బాలుని ఆగ్స్‌బర్గు పట్టణమునందలి బంధువుల ఇంటికి పంపిరి. గృహ యజమాని బార్నికెల్ గణితోపాధ్యాయుడు. ఈ పేరును బడిపంతులు మరువరాదు. ఏలననగా ఆ యింటనుండి చదువుకొనుచుండగనే, ఇంజనీరు కావలెనని బాలుడు నిశ్చయించుకొని తలిదండ్రులకు జాబు వ్రాసెను.

మ్యూనిక్ సాంకేతిక విద్యాలయమున ఆతనికి లభించిన గురువు కార్ల్ లిండె. శీతలీకరణ యంత్రములకు ప్రసిద్ధుడైన ఆ ఆచార్యుడు ఉష్ణశాస్త్రము బోధించుచు, ఆవిరియంత్రము బొగ్గులోని వేడిలో పదవవంతును మాత్రమే పనిగ మార్చగలదనియు, తక్కినది వ్యర్థమగుననియు వివరించెను. ఆ పాఠము శిష్యుని మనస్సున నాటుకొనెను. 1879లో సన్నిపాత జ్వరముచే పరీక్షకు పోలేకపోయినను, మరుసటి యేట జనవరిలో ఆతడు అత్యుత్తమముగ ఉత్తీర్ణుడయ్యెను. తరువాత పారిసులో లిండె మంచు కర్మాగారమున ఉద్యోగము చేయుచు, ఆవిరికి బదులు అమోనియాతో ఇంజను నడుప యత్నించెను. సంవత్సరములు గడచెను గాని ఫలితము లేకపోయెను.

1892 ఫిబ్రవరిలో ఆతడు తన నూతన భావమునకు పేటెంటు కోరెను. భావము సులభమైనదే. సైకిలు చక్రమునకు గాలి కొట్టునప్పుడు పంపు అడుగుభాగము వెచ్చబడుట విద్యార్థులందరు ఎరిగినదే. గాలిని మిక్కిలిగ అదిమినచో, అందు పడిన నూనె తనంతట తానే మండునంత వేడి పుట్టును. నిప్పురవ్వతో పని లేదు. అట్టి ఇంజనులో బలము హెచ్చుటకు గాని తగ్గుటకు గాని లోనికి పోవు నూనె పరిమాణమే ఆధారము. ఎంత నూనె, ఏ క్షణమున అను రెండు ప్రశ్నలలోనే దాని సర్వస్వము కలదు.

మొదటి ప్రశ్నకు రుడాల్ఫ్ చెప్పిన సమాధానము తప్పు. మండునప్పుడు సిలిండరులోని వేడి పెరుగరాదనియు, అందుకై నూనె అత్యల్పముగ, మెల్లమెల్లగ పోవలెననియు పేటెంటులోను, 1893లో ప్రకటించిన గ్రంథములోను వ్రాసెను. గాలిని 250 వాతావరణ పీడనముల వరకు అదుమవలెనని లెక్క వేసెను. గ్రంథము వెలువడిన పిదప మరల గణించి చూడగా, అట్టి ఇంజను తన రాపిడిని జయించుటకే చాలని బలము పుట్టించునని తేలెను. అంతట ఆతడు పీడనమును తగ్గించి, నూనెను హెచ్చించి, అదే యేట నవంబరులో రెండవ పేటెంటుకు దరఖాస్తు పెట్టెను. సిద్ధాంతము మారినదని మాత్రము బహిరంగముగ చెప్పలేదు. చెప్పియుండినచో ఆతని గౌరవము తగ్గెడిది కాదు. ఆ మౌనమే తరువాత శత్రువుల చేతికి ఆయుధమయ్యెను.

ఆగ్స్‌బర్గు యంత్రశాలాధిపతి హైన్రిక్ బుజ్ ఆతనిని నమ్మెను. క్రుప్ సంస్థయు ధనమిచ్చెను. 1893 ఆగస్టు 10వ తేదీన మొదటి పరీక్షలో పీడనమును కొలచు పరికరము ప్రేలి ముక్కలయ్యెను. ఇంజను తానుగ తిరుగలేదు గాని, నూనె నిప్పులేకయే మండునని రుజువయ్యెను. 1894 ఫిబ్రవరి 17న మరల యత్నించిరి. కార్ఖానా పట్టాతో ఇంజనును త్రిప్పుచుండగా, ఒక దశలో ఇంజనే పట్టాను లాగసాగెను. దానిని మొదట కనిపెట్టిన మేస్త్రి లిండర్ నోట మాటలేక టోపీ తీసి నిలువబడెను. తిరిగినది ఒక్క నిమిషము, అదియు నిమిషమునకు 88 చుట్లు మాత్రమే.

నూనెను సిలిండరులోనికి సన్నని తుంపరగ జొప్పించుట ఆతనికి మహాకష్టమయ్యెను. పంపుతో నేరుగ కొట్టుట సాగలేదు. చివరకు ప్రత్యేక యంత్రముతో గాలిని అదిమి, ఆ గాలితో నూనెను లోనికి ఊదు పద్ధతిని అవలంబించెను. 1897 ఫిబ్రవరి 17న ఆచార్య ష్రోటర్ ఆ ఇంజనును పరీక్షించెను. సిలిండరు వ్యాసము 250 మిల్లీమీటర్లు. అది గంటకు ఒక్కొక్క అశ్వశక్తికి సుమారు 240 గ్రాముల నూనె త్రాగెను. అనగా ఇంధనములోని వేడిలో 26.2 శాతము పనిగ మారెను. ఆనాటి ఇంజనులలో మరి యేదియు దానికి సాటిరాలేదు.

కీర్తియు ధనమును వెల్లువవలె వచ్చెను. అమెరికా హక్కులను అడాల్ఫస్ బుష్ పది లక్షల మార్కులకు కొనెను. 1900లో పారిసు ప్రదర్శనమున ఆ ఇంజనుకు మహాబహుమానము లభించెను. అచ్చట ఒక చిన్న డీజిలు ఇంజను వేరుసెనగ నూనెతో నడచినది. వేరుసెనగ పండించు మన రాయలసీమ పాఠకులకు ఈ సంగతి ప్రీతి గొలుపకపోదు. కాని అమ్మిన ఇంజనులు తరచు చెడి ఫిర్యాదులు వచ్చెను. ఆతని ఆరోగ్యము సడలి 1898లోనే వైద్యాలయము చేరవలసివచ్చెను. ధనమును భూముల బేరములలోను, నూనె బావులలోను పోగొట్టుకొనెను.

ఇంజను కర్మాగారములలో స్థిరపడెను, ఓడలకెక్కెను. 1912లో సెలాండియా అను సముద్రపు ఓడ దానితో బయలుదేరెను. రహదారి బండికి మాత్రము అది లొంగలేదు. 1908 ప్రాంతమున రుడాల్ఫ్ స్విట్జర్లాండులో లారీకి తగిన చిన్న ఇంజనుకై యత్నించి విఫలుడయ్యెను. గాలి నదుము ఆ యంత్రపు బరువే అడ్డు. 1913లో లూడర్స్ అను ఆచార్యుడు, పేటెంటులోని ఇంజను వేరు, తయారైనది వేరు అని ఆక్షేపించుచు ఒక గ్రంథమునే ప్రకటించెను. ఆక్షేపణలో కొంత నిజము లేకపోలేదు. అయినను తప్పు తెలిసిన వెంటనే పనిలో దిద్దుకొని, నాలుగేండ్లు కర్మశాలలో పోరాడినది ఎవరో ఆ గ్రంథకర్త తలపడయ్యెను.

అదే సంవత్సరము సెప్టెంబరు 29వ తేదీ సాయంకాలము ఆతడు ఆంట్‌వెర్ప్ రేవున డ్రెస్‌డెన్ అను పొగయోడ నెక్కి ఇంగ్లాండునకు బయలుదేరెను. మిత్రులతో భోజనము చేసి, ఉదయము 6 గంటల 15 నిమిషములకు లేపుడని చెప్పి తన గదికి పోయెను. ఉదయము గది శూన్యముగ నుండెను. పక్క నలుగలేదు. పదునొకండు దినముల తరువాత ఒక డచ్చి పడవవారికి సముద్రమున శవము కనబడగా, జేబులలోని వస్తువులను తీసికొని శవమును విడిచిరి. ఆ వస్తువులను కుమారుడు గుర్తించెను. అప్పులచే ప్రాణములు తీసికొనెనని పలువురి విశ్వాసము. హత్య యనువారును కలరు, గాని ఋజువు లేదు.

ఆతనికి అసాధ్యమైనదానిని వెనుకటివారు సాధించిరి. 1923, 1924 సంవత్సరములలో బెంజ్, మాన్ సంస్థలు డీజిలు లారీలను బయటికి తెచ్చెను. 1927లో బాష్ సంస్థ నూనెను కొలచి కొట్టు పంపును పెద్దయెత్తున తయారుచేయనారంభించెను. గాలి నదుము యంత్రము అక్కరలేకపోయెను. ఎంత నూనె పోవచ్చునో నిర్ణయించు మర ఆ పంపునందే యుండెను. దానిని తిప్పి బలము పెంచు మేస్త్రులు ఉందురని తెలిసియే తయారీదారులు దానికి సీలు వేసిరి. తరువాత ఆ నిర్ణయము ఎలక్ట్రానిక్ పెట్టెలోనికి మారెను. నేడు లారీ బలము పెంచగోరువారు అందలి చిప్‌ను మార్చుటయో, దానిలోని లెక్కలను తిరిగి వ్రాయించుటయో చేయుదురు. మరికొందరు బయట ఒక చిన్న పెట్టెను తగిలింతురు. అది నూనె గొట్టములోని పీడనము నిజముగ ఉన్నదానికంటె తక్కువయని ఇంజను పెట్టెకు అబద్ధము చెప్పును. ఆ మాట నమ్మి ఇంజను పెట్టె పీడనమును హెచ్చించును, నూనె అధికముగ పోవును. లోని లెక్కలను దిద్దువాడు నేర్పరియైనచో గాలి యెంత వచ్చుచున్నదో చూచి దానికి తగినంతవరకే నూనెను పెంచును. గాలికి మించిన నూనె బలము కాదు. అది నల్లని పొగయై వెడలును, పొగగొట్టపు వేడి పెరిగి పిస్టనును టర్బోను కాల్చును. ఆ పొగను కాలుష్య పరీక్షలో పట్టుకొందురు. చిప్ కొనదలచినవాడు ఎన్ని అశ్వశక్తులు పెరుగునని అడుగుటకు ముందు, నిండు బరువుతో ఘాటు ఎక్కునప్పుడు పొగ వేడి యెంత యుండునని అడుగవలెను.