కడలి కెరటాన్ని నిలిపిన కళాకారుడు

ఛాయాచిత్రకళ శైశవదశలో ఉన్న రోజులలో సముద్రాన్ని చిత్రించడం దుస్సాధ్యంగా ఉండేది. నాటి ఫలకాలు కాంతిని మందకొడిగా గ్రహించేవి. కటకాన్ని చాలాసేపు తెరిచి ఉంచితే ఎగసిపడే కెరటాలు పొగమంచులా అలుక్కుపోయేవి. పైగా సముద్రం చక్కగా రూపుకట్టేసరికి ఆకాశం మేఘాలు లేని తెల్లని శూన్యంగా మిగిలేది. ఈ రెండు చిక్కులనూ అధిగమించినవాడు గుస్తావ్ లె గ్రే.

ఆయన 1820లో పారిస్ నగరం సమీపంలో జన్మించాడు. పాల్ దెలారోష్ వద్ద చిత్రలేఖనం అభ్యసించి, కొంతకాలం ఇటలీలో గడిపాడు. తరువాత ఛాయాచిత్రకళ వైపు మళ్ళి, మైనం పూసిన కాగితపు నెగటివ్ పద్ధతిని 1851లో ప్రకటించాడు. ప్రాచీన కట్టడాలను చిత్రించడానికి ఫ్రాన్సు ప్రభుత్వ సంస్థ అదే సంవత్సరం ఎంపిక చేసిన ఐదుగురిలో ఆయన ఒకడు.

1856 నుండి ఆయన నార్మండీ, మధ్యధరా తీరాలలో సముద్ర దృశ్యాలను చిత్రించాడు. కొలోడియన్ పూసిన గాజు ఫలకాన్ని తడి ఆరకముందే వాడి, నీటిపై మెరిసే వెలుగును ఆసరాగా చేసుకొని, కటకాన్ని అతి స్వల్పకాలం మాత్రమే తెరిచాడు. ఆకాశాన్ని వేరొక ఫలకంపై చిత్రించి, ముద్రణలో రెండింటినీ దిగంతరేఖ వద్ద కలిపాడు. 1857లో సెత్ రేవు వద్ద తీసిన పెద్ద కెరటం చిత్రం ఈ కృషికి పరాకాష్ఠ. అందులో నురగలు కక్కే అల విరుగుతున్న క్షణమే నిలిచిపోయింది. పైన మేఘాలు భయగంభీరంగా కమ్ముకున్నాయి. కటకం మరికొంతసేపు తెరిచి ఉంటే ఆ ఉగ్రత శాంతంగా మారి ఉండేది. నేడు షట్టర్ వేగం అనబడే కాలపరిమాణమే దృశ్యానికి రసాన్ని నిర్ణయిస్తుందని ఆ చిత్రం నిరూపించింది.

కీర్తి లభించినా సంపద నిలవలేదు. చౌకైన చిన్న చిత్రాలకు గిరాకీ పెరిగిన ఆ కాలంలో ఆయన చిత్రశాల మూతపడింది. 1860లో రచయిత అలెగ్జాండర్ డ్యూమాతో కలిసి సముద్రయానానికి బయలుదేరి, మాల్టాలో ఆయనతో విడిపోయాడు. చివరకు ఈజిప్టు చేరి, చిత్రలేఖనం బోధిస్తూ జీవించి, 1884లో కైరోలో కన్నుమూశాడు. స్వదేశానికి తిరిగి రానేలేదు.

1999లో లండన్ వేలంలో ఆ పెద్ద కెరటం చిత్రం 5 లక్షల పౌండ్లకు పైగా పలికింది. బ్రతికినన్నాళ్ళూ ఆయనకు దక్కని విలువ, ఆయన నిలిపిన ఒక్క క్షణానికి దక్కింది.