విద్యార్థి వసతులు, నామస్మరణము: ఢిల్లీలో దుర్గాబాయి దేశముఖ్

విద్యాలయములలోని వసతిగృహములకును, సభాభవనములకును, విద్యార్థులు కూడుకొను మందిరములకును ప్రసిద్ధుల పేరులుంచుట నేడు సర్వసాధారణమైన ఆచారము. పెక్కుచోట్ల ఆ పేరునకును ఆ వసతికిని గల సంబంధము ఔపచారికమైనది. భవనము ముందు వచ్చును. పేరు వెనుక వచ్చును. ఢిల్లీ విశ్వవిద్యాలయ దక్షిణ ప్రాంగణ పరిసరములలో నిలిచియున్న దుర్గాబాయి దేశముఖ్ నామము విషయమున అట్లు కాదు. చదువుకొన గోరువారికి తావు కల్పించుటయే ఆమె జీవితమంతట సాగిన కార్యము. ఆ కార్యము ఆమె స్వానుభవమునుండి పుట్టినది.

దుర్గాబాయి 1909 జూలై 15వ తేదీన రాజమహేంద్రవరమున జన్మించెను. తండ్రి రామారావు, తల్లి కృష్ణవేణమ్మ. బాల్యము కాకినాడలో గడచెను. నాటి ఆచారము ననుసరించి ఎనిమిదేండ్ల ప్రాయముననే వివాహము జరిగెను. యుక్తవయస్సు వచ్చిన పిమ్మట ఆమె ఆ బంధమునుండి విడివడెను. ఆంగ్లమాధ్యమ విద్యకు నిరసనగా బడి మానుకొని హిందీ నేర్చెను. తాను నేర్చినదానిని తనయొద్దనే యుంచుకొనక, బాలికా హిందీ పాఠశాలను నెలకొల్పి ఇతరులకు నేర్పెను. నేర్చుటకును నేర్పుటకును నడుమ ఎడము లేకుండుట ఆమె స్వభావమున మొదటినుండియు కానవచ్చు లక్షణము.

1921లో గాంధీమహాత్ముడు కాకినాడకు వచ్చినపుడు, దేవదాసీలును ముస్లిం స్త్రీలును ఆయనను కలిసికొనునట్లు ఆమె ప్రత్యేకముగా సభ నేర్పరచెను. అప్పటికామెకు పండ్రెండేండ్లు నిండలేదు. 1923 కాకినాడ కాంగ్రెసు సందర్భమున ఖాదీ ప్రదర్శనశాల ద్వారమున స్వచ్ఛంద సేవికగా నిలిచి, టిక్కెట్టు లేనందున జవహర్‌లాల్ నెహ్రూను సైతము లోనికి పోనీయలేదన్న సంగతి లోకవిదితము. నియమము అందరికి నొక్కటేయన్న పట్టుదలకు ఆ ఉదంతము తార్కాణముగా నిలిచినది.

1930లో ఉప్పు సత్యాగ్రహమున పాల్గొని, అది మొదలు 1933లోపల ఆమె మూడుమార్లు కారాగారవాసము ననుభవించెను. మధుర చెరసాలలో ఏకాంతశిక్ష కూడ ఆమెకు తప్పలేదు. చెరలో ఆమె చూచిన స్త్రీలలో పెక్కండ్రు నిరక్షరాస్యలు. తమపై మోపబడిన నేరమేమో, తమకు గల రక్షణ లేమియో ఎఱుగనివారు. విద్య లేనిచో న్యాయము కూడ అందదని అచ్చట ఆమెకు బోధపడెను. అక్షరమునుండి న్యాయశాస్త్రము వరకు పోవలెనన్న సంకల్పము ఆ గోడల నడుమ కలిగినదే. విడుదలయైన పిమ్మట, తోడి కార్యకర్తలు రాజకీయములలో స్థిరపడుచుండగా, ఆమె బడిపిల్లవలె మరల పుస్తకము పట్టి కాశీ విశ్వవిద్యాలయపు మెట్రిక్యులేషన్ పరీక్షలో ఉత్తీర్ణురాలయ్యెను.

ఉన్నత విద్యకై ఆంధ్ర విశ్వవిద్యాలయము నాశ్రయించినపుడు ఆమెకు ఎదురైన అడ్డంకి ప్రత్యేకముగ గమనింపదగినది. ఉపాధ్యక్షులు కట్టమంచి రామలింగారెడ్డి స్త్రీవిద్యకు విరోధి కాడు. ఆమె యోగ్యతపై ఆక్షేపణయు లేదు. ఉన్న చిక్కు ఒక్కటే: స్త్రీలకు వసతిగృహము లేదు. హక్కు ఉండియు తావు లేకపోయెను. వసతిగృహము లేనందున స్త్రీలు రారు. స్త్రీలు రానందున వసతిగృహము కట్టబడదు. ఈ విషవలయమును ఆమె ఒక పత్రికాప్రకటనతో ఛేదించెను. వసతి దొరకినచో చదువుటకు సిద్ధముగ నున్న బాలికలను ప్రకటన మూలమున సమీకరించి, వారితో వసతిగృహము నారంభించి, ప్రవేశము సాధించెను. రాజనీతిశాస్త్రమున పట్టమును అచ్చటనే పొందెను. తరువాత 1942లో మద్రాసున న్యాయశాస్త్ర పట్టము పుచ్చుకొని, న్యాయవాదవృత్తి నవలంబించెను.

1937లో మద్రాసున ఆమె నెలకొల్పిన ఆంధ్ర మహిళా సభ ఈ అనుభవమునకు సంస్థారూపము. చదువు మధ్యలో ఆగిన తెలుగు బాలికలకు కాశీ మెట్రిక్ పరీక్షకై పాఠములు చెప్పుటతో ఆ సభ పని మొదలయ్యెను. తాను ఒంటరిగా నడచిన దారిలో పదుగురిని నడిపించుట ఆమె ఉద్దేశము.

1946లో మద్రాసు రాష్ట్రమునుండి రాజ్యాంగ పరిషత్తునకు ఎన్నికై ఆమె ఢిల్లీ చేరెను. అచ్చటి అధ్యక్షవర్గ సభ్యులలో స్త్రీ ఆమె యొక్కతయే. భాషావిషయమున ఆమె వైఖరి భాషాపండితులకు పరిశీలనార్హము. దక్షిణాదిలో హిందీని స్వయముగా ప్రచారము చేసిన ఆమె, హిందుస్థానీని జాతీయభాషగా సమర్థించుచునే, దక్షిణమున హిందీని బలవంతముగా రుద్దు ధోరణి యెడల భయము వ్యక్తపరచెను. పదునైదేండ్ల వ్యవధి యుండవలెనని కోరెను. భాష నేర్చుట యెంత శ్రమయో ఎఱిగినవారికి కలుగు జాగ్రత్త ఇది.

ఆంధ్ర ఎడ్యుకేషన్ సొసైటీ 1948లో ఆమె చొరవతో ఢిల్లీలో వెలసెను. ఉద్యోగరీత్యా రాజధానికి వచ్చిన తెలుగువారి పిల్లలకు మాతృభాష దూరము కాకుండ చేయుట దాని ప్రయోజనము. ఆంధ్రరాష్ట్రము 1953లోగాని ఏర్పడలేదు. కనుక ఆ నామములోని ఆంధ్రశబ్దము ఒక రాష్ట్రమును కాక, ఒక భాషాసమాజమును చెప్పుచున్నది. ఆంధ్రదేశమున హిందీ నేర్పిన వ్యక్తియే హిందీదేశమున తెలుగునకు బడి కట్టించుట ఆ జీవితములోని సౌష్ఠవము.

1952లో ప్రణాళికా సంఘ సభ్యత్వము, 1953లో ఆర్థికమంత్రి చింతామణి దేశముఖ్‌తో వివాహము, ఆ యేడే కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి ప్రథమాధ్యక్షత వరుసగా సంభవించెను. వయోజన స్త్రీలు కొద్దికాలములోనే పాఠశాలా విద్యను ముగించుటకై ఆ మండలి 1958లో ఆరంభించిన సంక్షిప్త విద్యాక్రమము, మద్రాసున ఆంధ్ర మహిళా సభ చేసిన పనికి దేశవ్యాప్తమైన విస్తృతియే. ఆ యేడే ఆమె అధ్యక్షతన ఏర్పడిన జాతీయ సంఘము, స్త్రీవిద్యను ప్రత్యేక సమస్యగా పరిగణింపవలెనని 1959 నాటి నివేదికలో సూచించెను. విశాఖపట్టణమున ఒక ద్వారముకడ నేర్చిన పాఠము ఆ విధముగా ప్రభుత్వవిధానమునకు చేరెను.

తిరుమల తిరుపతి దేవస్థానము 1961లో ఢిల్లీలో స్థాపించిన శ్రీ వేంకటేశ్వర కళాశాల వెనుకను ఆమె కృషి కలదు. తిరుమల భక్తుల కానుక ఉత్తరాపథమున చదువునకు వినియోగపడుటకు ఇది చక్కని ఉదాహరణము. 1962లో ఆమె సామాజికాభివృద్ధి మండలిని స్థాపించెను. ఆ సంవత్సరమే భర్త ఢిల్లీ విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షుడై 1967 వరకు ఆ పదవిలో నుండెను. అంధుల సహాయ సంఘమునకు అధ్యక్షురాలై, చూపులేని పిల్లలకు బడి, వసతిగృహము, పనిశాల ఏర్పడునట్లు ఆమె పాటుపడెను. ఈ మూడింటి కూర్పును గమనింపవలెను: పాఠము, పడక, బ్రతుకుతెరువు. వీనిలో ఏ ఒక్కటి లోపించినను తక్కినవి నిష్ఫలములని ఆమె గ్రహించెను. 1975లో పద్మవిభూషణ బిరుదమును పొంది, 1981 మే 9వ తేదీన ఆమె మరణించెను.

ఢిల్లీలో నేడామె నామము రెండుచోట్ల విద్యార్థులకు నిత్యపరిచితము. అంధుల సహాయ సంఘ ప్రాంగణమున ప్రత్యేక విద్యలో ఉపాధ్యాయులను తయారుచేయు కళాశాల ఆమె పేర నడచుచున్నది. 2018 మార్చిలో ప్రారంభమైన మెట్రో గులాబీమార్గపు స్టేషనునకు దుర్గాబాయి దేశముఖ్ సౌత్ క్యాంపస్ అని పేరుంచిరి; శ్రీ వేంకటేశ్వర కళాశాలకు పోవువారు అచ్చటనే దిగుదురు. ఆ నామమున ఒక తెలుగు బాలిక పేరు, ఒక మహారాష్ట్ర గృహనామము, ఒక ఆంగ్ల స్థలనామము కలిసియున్నవి. పొడవైన నామములు వాడుకలో కుదించుకొనిపోవుట భాషాధర్మము. అట్లు కుదించునపుడు మొదట జారిపోవునది తరచు వ్యక్తినామమే.

కావున నామకరణముతో స్మరణము పూర్తియగునని తలచరాదు. దుర్గాబాయి జీవితము చెప్పు అర్థము స్పష్టమైనది: ప్రవేశార్హత విద్యకు సగపాలు మాత్రమే, ఉండుటకు గది, తినుటకు అన్నము, చదువుటకు దీపము తక్కిన సగపాలు. వసతి లేదన్న కారణమున యోగ్యురాలైన ఒక విద్యార్థిని వెనుదిరిగిపోయినచో, ఆ విద్యాలయమున ఎందరి పేరులు గోడలపై చెక్కియున్నను అది ఆమెను మరచినట్లే యగును.