ఘంటసాల మాస్టారు మన తరగతి గదిలో

పోయిన ఏడాది ఒక శనివారం ఉదయం అయిదో తరగతి పిల్లలకు సెల్‌ఫోన్‌లో పద్యాలు వినిపించాం. కరుణశ్రీ రాసిన ‘పుష్పవిలాపం’, ఘంటసాల గొంతులో. పద్యం మొదలైందో లేదో, వెనక వరుసలో ఒక పిల్లవాడు లేచి నిలబడి, ఊళ్లో ఎవరు పోయారని మమ్మల్ని అడిగాడు. తరగతి అంతా నవ్వింది. మాకు మాత్రం నవ్వు రాలేదు. ముల్చేర వైపు తెలుగు ఇళ్లలో ఎవరైనా కాలం చేస్తే ఘంటసాల భగవద్గీత పెడతారు. ఆ పిల్లవాడు పుట్టినప్పటి నుంచి ఆ గొంతు విన్నది అక్కడే. అతనికి అది చావు కబురు చెప్పే గొంతు. మన ఇళ్లలో ఆ గొంతు ఒకప్పుడు పెళ్లిళ్లలో, పండగల్లో, పొలం పనుల్లో, రేడియోలో ఎన్ని రకాలుగా వినబడేదో అతనికి తెలియదు. తప్పు అతనిది కాదు. వినిపించనిది మనం.

ఆ రోజు పాఠం పక్కనపెట్టి పిల్లలకు ఘంటసాల కథ చెప్పాం. అదే కథ ఈ పేజీ చదివే తల్లిదండ్రులకు, తోటి ఉపాధ్యాయులకు కూడా చెప్పాలనిపించింది. సినిమా వాళ్లందరూ ఆయన్ను మాస్టారు అనే పిలిచేవారు. ఆ పిలుపు మన బడికి కూడా సరిపోతుందని మా నమ్మకం.

జోలె పట్టి నేర్చిన చదువు

ఘంటసాల వెంకటేశ్వరరావు 1922 డిసెంబరు 4న కృష్ణా జిల్లా గుడివాడ దగ్గరి చౌటపల్లిలో పుట్టారు. తండ్రి సూరయ్య మృదంగం వాయిస్తారు, నారాయణ తీర్థుల తరంగాలు పాడతారు. భజనలకు వెళ్లేటప్పుడు కొడుకును భుజాల మీద ఎక్కించుకుని తీసుకెళ్లేవారు. ఆ తరంగాలకు పిల్లవాడు అడుగులు వేస్తుంటే ఊరివాళ్లు ముచ్చటపడి బాలభరతుడని పేరు పెట్టారు. పదకొండో ఏట తండ్రి పోయారు. సంగీతం నేర్చుకొమ్మన్నదే ఆయన కొడుకుకు చెప్పిపోయిన చివరి కోరిక. తల్లి రత్తమ్మకు, పిల్లలకు మేనమామ పిచ్చిరామయ్య అండగా నిలిచారు.

నేర్చుకోవాలనుకుంటే నేర్పేవాళ్లు దొరకాలి కదా. సంగీతం తెలిసిన వాళ్ల ఇళ్లలో చేరితే ఒకచోట బట్టలు ఉతకడం, ఇంకోచోట వంట చేయడం వచ్చాయి గాని సంగీతం రాలేదని చెబుతారు. చివరికి చేతి ఉంగరం ఎనిమిది రూపాయలకు అమ్మేసి, ఇంట్లో చెప్పకుండా విజయనగరం బయలుదేరారు. అక్కడ మహారాజావారి సంగీత కళాశాల ఉంది. వెళ్లేసరికి సెలవులు. ప్రిన్సిపాల్ ద్వారం వెంకటస్వామి నాయుడు దయతలచి కళాశాల ఆవరణలో ఉండనిచ్చారు. రోజుకొక ఇంట్లో భోజనం, అంటే వారాలు. తోటి విద్యార్థులు చేసిన తప్పు తన మీద పడి అక్కడి నుంచి బయటికి రావలసి వచ్చింది. ఆ సంగతి తెలిసి వారాలు పెట్టేవాళ్లు కూడా తలుపులు మూశారు. ఒక గుడిలో తలదాచుకున్నారు.

ఆ స్థితిలో ఆదుకున్నది పట్రాయని సీతారామశాస్త్రి. డబ్బు తీసుకోకుండా తన ఇంట్లోనే పాఠం చెప్పారు. అయితే ఆయనా పేదవారే, శిష్యుడికి అన్నం పెట్టే స్తోమత లేదు. అందుకని మాధుకరం చేసుకోమన్నారు. భుజాన జోలె వేసుకుని వీధి వీధి తిరిగి తెచ్చుకున్న అన్నమే రెండు పూటలా. మిగిలిన అన్నాన్ని గుడ్డలో మూటగడితే చీమలు పట్టేవి. తర్వాత ఒక బంధువు ఇచ్చిన డబ్బుతో డబ్బా కొనుక్కుని అందులో దాచుకున్నారు. తర్వాత కళాశాలలో చేరి, నాలుగేళ్ల చదువు రెండేళ్లలో ముగించారు.

ఈ డబ్బా సంగతి చెప్పినప్పుడు మా తరగతి నిశ్శబ్దమైపోయింది. మా పిల్లల్లో కొందరి అన్నలు, అక్కలు దూరపు ఆశ్రమశాలల్లో, హాస్టళ్లలో ఉండి చదువుతున్నారు. ఇల్లు వదిలి, పరాయి అన్నం తింటూ చదవడమంటే ఏమిటో వీళ్లకు మనం వివరించాల్సిన పని లేదు.

జైలు నుంచి మద్రాసుకు

చదువు ముగించి సొంత ఊరి వైపు వచ్చిన ఘంటసాల 1942లో క్విట్ ఇండియా ఉద్యమంలో దిగారు. బళ్లారి దగ్గరి అలీపురం జైలులో శిక్ష అనుభవించారు. విడుదలయ్యాక 1944లో సావిత్రిని పెళ్లి చేసుకున్నారు. ఆ పెళ్లిలో పాటకచేరీ పెళ్లికొడుకుదే.

సముద్రాల రాఘవాచార్య ప్రోత్సాహంతో మద్రాసు చేరారు. తొలిరోజుల్లో పగలంతా పానగల్ పార్కులో గడిపిన మనిషి ఆయన. మొదట రికార్డు కంపెనీ వాళ్లకు గొంతు నచ్చలేదు. రేడియోలో అవకాశాలు వచ్చాయి. 1945లో వచ్చిన ‘స్వర్గసీమ’లో భానుమతితో కలిసి పాడారు. 1949లో ‘మనదేశం’, 1951లో ‘పాతాళభైరవి’, 1957లో ‘మాయాబజార్’ చిత్రాల సంగీతంతో ఆయన పేరు తెలియని తెలుగు ఇల్లు లేకుండా పోయింది. 1953 నాటి ‘దేవదాసు’లో నాగేశ్వరరావుకు పాడిన పాటలు సరేసరి.

ఆయన చేసిన మేలుల్లో మాకు అన్నిటికంటే పెద్దదిగా కనబడేది పద్యం. అప్పటిదాకా రంగస్థలం మీద పద్యమంటే పెద్ద రాగం. నటుడు ఆలాపన సాగదీస్తుంటే మాట అందులో మునిగిపోయేది, జనం వన్స్‌మోర్ కొట్టేవారు. ఘంటసాల రాగాన్ని తగ్గించారు. ముందు మాటను స్పష్టంగా పలికి, భావం అందిన తర్వాత చివర కొద్దిగా రాగం తీశారు. బడి ముఖం చూడనివాడికి కూడా పద్యం అర్థమైంది.

ఆ అయిదేళ్ల పాటలు

1960 నుంచి 1964 దాకా వచ్చిన పాటలను ఈ మధ్య మేము మళ్లీ వరుసగా విన్నాం. ఇంగ్లండ్‌లో 1952 నుంచి ఏ పాట రికార్డులు ఎన్ని అమ్ముడయ్యాయో వారం వారం లెక్కగట్టి ర్యాంకులు ప్రకటిస్తున్నారు. 1962 అక్టోబరులో వచ్చిన బీటిల్స్ బృందం తొలి రికార్డుకు ఆ పట్టికలో 17వ స్థానం దక్కింది. మన దేశంలో హిందీ పాటలకు రేడియో సిలోన్‌లో బినాకా గీత్‌మాలా ఉండేది. మేము పెట్టుకున్న కొలత మాత్రం వేరు. మరాఠీ మధ్య పెరుగుతున్న తెలుగు పిల్లవాడికి ఈ పాట ఈ రోజు ఏమి ఇస్తుంది అన్నదే మా ప్రశ్న.

1960లో ‘శ్రీ వేంకటేశ్వర మహాత్మ్యం’. పెండ్యాల నాగేశ్వరరావు సంగీతం. ఇందులో ఘంటసాల తెర మీద కూడా కనిపించి స్వామి ముందు కూర్చుని పాడతారు. పిల్లలకు మనిషిని చూపించాలంటే ఈ పాట చూపించాలి. మాటలు సంస్కృతం పాలు ఎక్కువ కాబట్టి పాఠానికి పనికిరాదు.

1961లో ‘జగదేకవీరుని కథ’లోని శివశంకరి. పింగళి నాగేంద్రరావు రచన, పెండ్యాల సంగీతం, దర్బారీ కానడ రాగం. తెర మీద పాడే రామారావు, వాద్యాలు వాయించే రామారావులు కలిసి అయిదుగురు కనబడతారు. పిల్లలు నోళ్లు తెరిచి చూశారు. దర్బారీ హిందుస్తానీ సంగీతంలోని రాగం కాబట్టి మా మరాఠీ టీచర్లు కూడా వచ్చి కూర్చున్నారు. కానీ ఇది వినాల్సిన పాటే, పిల్లలతో పాడించబోతే నిరాశే మిగులుతుంది.

అదే ఏడాది ‘వెలుగు నీడలు’లో శ్రీశ్రీ రాసిన దేశభక్తి గీతం. స్వాతంత్ర్యం వచ్చిందని సంబరపడి ఆగిపోకూడదు, చేయాల్సింది ఇంకా ఉందని చెప్పే పాట. అరవై ఏళ్లు దాటినా అందులోని మాట పాతబడలేదు. ఆగస్టు 15కి, జనవరి 26కి ఇంతకంటే మంచి తెలుగు పాట మాకు దొరకలేదు.

1962లో ‘గుండమ్మ కథ’. సంగీతం ఘంటసాలదే, పాటలు పింగళివి. ఆడవాళ్ల మేలుకొలుపు మీద రాసిన పాటలో వేమన, బ్రహ్మంగారు కూడా వస్తారు. మాటలు తేలిక, నడక హుషారు. వేమన పద్యం చెప్పే ముందు ఈ పాట వినిపిస్తే సగం పాఠం అయిపోయినట్టే. అయితే అందులో ఆడవాళ్ల మీద వేసిన వేళాకోళం కూడా ఉంది. ఆరో తరగతి ఆడపిల్లలు దాన్ని పట్టుకుని మమ్మల్ని ప్రశ్నించారు. అది కూడా మంచి పాఠమే అయింది.

1963లో ‘లవకుశ’. తెలుగులో పూర్తి నిడివి రంగుల చిత్రాల్లో మొదటిది. సంగీతం ఘంటసాల. అయితే లవకుశుల పాటలు పాడింది పి.లీల, పి.సుశీల. ఇద్దరు పిల్లలు తమ తండ్రి కథను తండ్రి ముందే పాడతారు. కథ తెలుసు, మాటలు తెలుగు, వరుస పిల్లల గొంతుకు అందుతుంది. మా లెక్కలో మొదటి స్థానం దీనికే.

1964లో ‘మూగ మనసులు’. ఎక్కువ పాటలు ఆత్రేయవి, సంగీతం కె.వి.మహదేవన్. గోదావరి మీద పడవ నడిపే వాడి కథ. ఇందులో పుస్తకాల భాష లేదు, నోటి భాష ఉంది. సిరొంచ దగ్గర ప్రాణహిత గోదావరిలో కలిసే చోటు చూసిన పిల్లలకు ఆ పడవ, ఆ నీళ్లు కొత్తవి కావు. ప్రేమకథ కాబట్టి చిన్న తరగతులకు పాటల వరకే చాలు.

ఎ, ఏ తేడా

ఇదంతా సినిమా సరదా కోసం కాదు. మన పిల్లల తెలుగులో తప్పులు ఎక్కడ వస్తున్నాయో గమనించండి. ణ, ళ మరాఠీలోనూ ఉన్నాయి కాబట్టి వాటితో ఇబ్బంది లేదు. మరాఠీలో ఎ, ఏ వేరువేరు అక్షరాలు కావు. ఒ, ఓ కూడా అంతే. దాంతో మెడ, మేడ ఒకటైపోతాయి. కొన, కోన కలిసిపోతాయి. ఇంకొకటి, మరాఠీలో మాట చివరి అకారం నోట పలకదు. రాయడం పుస్తక, పలకడం పుస్తక్. అదే అలవాటుతో మన పిల్లలు తెలుగు మాటల చివరి అచ్చును మింగేస్తారు. తెలుగుకు అందం తెచ్చేదే ఆ చివరి అచ్చు.

ఇంట్లో తెలుగు తగ్గి, బజారులో మరాఠీ నడిచి, చుట్టూ గోండీ, బెంగాలీ కూడా వినబడే చోట ఈ తేడాలు పిల్లవాడికి ఎవరు చెబుతారు? బోర్డు మీద రాస్తే కన్నుకు తెలుస్తుంది, చెవికి తెలియదు. పాటలో అక్షరం సాగుతుంది కాబట్టి ఒక్కోసారి హ్రస్వం దీర్ఘంలా వినబడవచ్చు. ఘంటసాల పద్యంలో ఆ తికమక తక్కువ. మాట మొదట విడిగా పడుతుంది, చివరి అచ్చు నిండుగా వినబడుతుంది. ‘పుష్పవిలాపం’ నాలుగు వారాలు విని, వెంట పలికిన తర్వాత మా అయిదో తరగతిలో చివరి అచ్చును మింగడం తగ్గింది. అందరిలోనూ కాదు. కానీ తగ్గింది.

ఈ పని రెండు వైపులా సాధ్యమే. మరాఠీ ఇంట పుట్టిన లతా మంగేష్కర్ 1955లో ‘సంతానం’ చిత్రానికి తెలుగులో పాడారు. అదే చిత్రంలో ఘంటసాలా పాడారు. శ్రద్ధగా విని నేర్చుకుంటే పరభాష కూడా నోటికి వస్తుంది. అలాంటప్పుడు సొంత భాష రాకపోవడమేమిటి?

చివరి రోజులు

1970లో ఘంటసాలకు పద్మశ్రీ వచ్చింది. 1971లో ఇంగ్లండ్, జర్మనీ, అమెరికా వెళ్లి అక్కడి తెలుగువారికి పాడి వినిపించారు. ఊరికి దూరంగా ఉన్నవాళ్లకు ఆ గొంతు ఏమి ఇచ్చిందో సరిహద్దులో ఉన్న మనం ఊహించగలం. అప్పటికే ఆరోగ్యం దెబ్బతింది. చివరి కాలంలో భగవద్గీత రికార్డు చేశారు. అది బయటికి వచ్చేసరికి ఆయన లేరు. 1974 ఫిబ్రవరి 11న మద్రాసులో కన్నుమూశారు. అప్పటికి 51 ఏళ్లు.

గీతను చావు దగ్గర పెట్టడం మనం చేసుకున్న అలవాటు. దాన్ని తప్పుపట్టడం లేదు. ఆ ఒక్క చోటే పెట్టి ఊరుకోవద్దన్నదే మా మాట. రోజూ రాత్రి అన్నాలయ్యాక ఇంట్లో ఒక్క పద్యమో, పాటో పెట్టండి. తెలియని మాట వస్తే పిల్లల్ని అడగనివ్వండి. మీకు తెలియకపోతే తాతనో, అమ్మమ్మనో అడగండి. చదువు రాకపోయినా వాళ్లకు ఆ పాటలు వచ్చు. ఉపాధ్యాయులు డిసెంబరు 4న బడిలో పద్యాల పోటీ పెట్టవచ్చు. ఖర్చు లేదు, ఒక సెల్‌ఫోన్ చాలు.

ఆ రోజు ఎవరు పోయారని అడిగిన పిల్లవాడు ఈ ఏడాది ఆరో తరగతి. మొన్న ప్రార్థన సమయంలో ‘పుష్పవిలాపం’లోని మొదటి పద్యం తానే చెప్పాడు. ఒకచోట తడబడ్డాడు, మళ్లీ మొదటి నుంచి అందుకున్నాడు. చివరి అచ్చు దాకా పలికాడు.