ప్రాణదాత సర్ విలియం హిల్లరీ

ఆసిఫాబాదు ప్రాంతపు బాలబాలికలకు వరద క్రొత్త కాదు. వేసవిలో ఇసుక తేలియుండు పెద్దవాగు వర్షకాలమున ఒడ్డుల నొరసికొని పారును. వార్ధా, వైన్‌గంగలు కలిసి ప్రాణహితయై పొంగినప్పుడు నావ నడుపువాని నేర్పే ఏరు దాటువారికి దిక్కు. అట్టి నేర్పును పరుల ప్రాణరక్షణకు వినియోగించు సేవకులను ఒక సంఘముగా కూర్చిన మహనీయుడు సర్ విలియం హిల్లరీ.

ఆయన పదునెనిమిదవ శతాబ్ది ఉత్తరార్ధమున ఇంగ్లాండులోని యార్క్‌షైరున జన్మించెను. నెపోలియనుతో యుద్ధము జరుగు దినములలో తన ధనము వెచ్చించి స్వచ్ఛంద సైనికదళమును సమకూర్చెను. అందులకు 1805లో ఆయనకు బారొనెట్ బిరుదము లభించినది గాని, సంపద చాలవరకు హరించిపోయెను. 1808లో ఆయన మాన్ ద్వీపమునకు పోయి, డగ్లస్ పట్టణమున సముద్రతీరమున నివాస మేర్పరచుకొనెను.

ఆ తీరము రాళ్లతో నిండినది. 1822 అక్టోబరున విజిలెంట్ అను నౌక డగ్లస్ రేవులో రాళ్లపై చిక్కుకొనగా, హిల్లరీ కూలికి మనుష్యులను కూర్చుకొని పడవలలో పోయి సహాయ మొనర్చెను. అదే సంవత్సరము డిసెంబరున రేస్‌హార్స్ అను నౌక భగ్నమైనప్పుడు నావికులతోపాటు వారిని రక్షింపబోయిన స్థానికులలో కొందరు మరణించిరి. వారి భార్యాబిడ్డలు దిక్కులేనివారైరి. ఈ దుఃఖము హిల్లరీ హృదయమును కలచివేసెను.

ఆపద వచ్చిన పిమ్మట మనుష్యులను వెదకుట వ్యర్థమని ఆయన గ్రహించెను. ప్రతి రేవునందును దృఢమైన నావయు, ముందుగనే శిక్షణ పొందిన సేవకులును సిద్ధముగ నుండవలెను. వారికి బహుమాన ముండవలెను. వారు మరణించినచో కుటుంబములకు పోషణ లభింపవలెను. ఈ యాశయములతో 1823లో ఆయన బ్రిటిషు ప్రజలకు ఒక విజ్ఞాపన ప్రకటించెను. నౌకాధికారులు దానిని ఆదరింపలేదు. అయినను ఆయన నిరాశ చెందక లండనులోని ఉదారులను ఆశ్రయించెను. వారి తోడ్పాటుతో 1824 మార్చి 4వ తేదీన ఓడ ప్రమాదములనుండి ప్రాణములను కాపాడు జాతీయ సంస్థ స్థాపింపబడెను. 1854లో దానికే రాయల్ నేషనల్ లైఫ్‌బోట్ ఇన్‌స్టిట్యూషన్ అను పేరు కలిగినది.

హిల్లరీ ఉపదేశముతో ఊరకుండువాడు కాడు. ఆయనకు ఈత రాదు. అయినను 1830 నవంబరు 20వ తేదీన సెయింట్ జార్జ్ అను ఆవిరినౌక డగ్లస్ రాళ్లపై పడగా, అరువదేండ్లు సమీపించిన ఆ వృద్ధుడు తుపానులో రక్షణనావ నెక్కెను. ఒక పెద్ద కెరటము ఆయనను, మరికొందరిని నీటిలోనికి త్రోసివేసెను. తోటివారు వారిని మరల నావలోనికి లాగిరి. ఆయన ప్రక్కటెముకలు విరిగెను. విరిగిన కొయ్యల నడుమ నావ చిక్కుకొనగా, రెండు గంటలకు పైగా పోరాడిరి. తుదకు ఓడలోని 22 మందియు, రక్షకులందరును క్షేమముగ ఒడ్డు చేరిరి.

ఇట్టి సాహసములకు హిల్లరీ మూడు పర్యాయములు స్వర్ణపతకము నందెను. 1832లో ఆ రాళ్లపై ఒక బురుజు నిర్మింపజేసెను. నౌక భగ్నమైనవారు సహాయము వచ్చువరకు అందు తలదాచుకొనవచ్చును. చివరి దినములలో ధనములేక బాధపడి, 1847 జనవరిలో డగ్లసులో మరణించెను.

ఆయన నాటిన మొక్క నేడు మహావృక్షమైనది. ఆ సంస్థ నావికులలో అధికసంఖ్యాకులు జీతము గోరని పౌరులే. వారు త్రాళ్లు ముడివేయుట, నావ నడుపుట, ప్రథమచికిత్స చేయుట నేర్తురు. పూల్ పట్టణములోని కళాశాలయందు కృత్రిమ కెరటములు గల కొలనులో నావ తలక్రిందులైనప్పుడు బయటపడుట అభ్యసింతురు. 1824 నుండి 2024 వరకు ఆ సంస్థ 1,46,000కు పైగా ప్రాణములను కాపాడెను. ధైర్య మొక్కటియే చాలదు. అభ్యాసము తోడైనప్పుడే అది పరులకు ఉపకరించునని హిల్లరీ జీవితము మనకు బోధించుచున్నది.