నైన్ సింగ్ రావత్

నైన్ సింగ్ రావత్ (జననం: 1830 అక్టోబరు 21) 19వ శతాబ్దానికి చెందిన భారతీయ అన్వేషకుడు, సర్వేయరు. విదేశీయులకు ప్రవేశం నిషిద్ధమైన టిబెట్టులో మారువేషంతో కాలినడకన ప్రయాణించి, దిక్సూచి, అడుగుల లెక్క, కొండగుర్తుల సహాయంతో లాసా నగరం ఉన్న చోటును పటంపై గుర్తించడానికి తోడ్పడ్డాడు. సర్వే శాఖ పత్రాలలో ఇతని అసలు పేరును దాచి, "పండిత్" అని మాత్రమే వ్రాసేవారు.

బాల్యం, ఉద్యోగం

నైన్ సింగ్ కుమావూ ప్రాంతంలోని జోహార్ లోయలో, మిలం గ్రామంలో జన్మించాడు. ఈ గ్రామం నేటి ఉత్తరాఖండ్ రాష్ట్రం, పితోరాగఢ్ జిల్లాలో ఉన్నది. ఇక్కడి భోటియాలు కనుమలు దాటి టిబెట్టుతో వర్తకం చేసేవారు. తండ్రి వెంట ఆ ప్రయాణాలు చేసిన నైన్ సింగ్‌కు టిబెటన్ భాష, ఆచారాలు చిన్ననాడే అలవడ్డాయి. 1855-57 మధ్య జర్మనీకి చెందిన ష్లాగింట్‌వైట్ సోదరుల యాత్రలో పనిచేశాడు. తరువాత మిలం పాఠశాలలో ఉపాధ్యాయుడయ్యాడు. "పండిత్" అనే పేరు ఈ వృత్తి నుండి వచ్చినదే.

శిక్షణ, పరికరాలు

1802లో మద్రాసు వద్ద మొదలైన మహా త్రికోణమితీయ సర్వే 1860ల నాటికి హిమాలయాలను చేరింది. అయితే సరిహద్దుకు ఆవల కొలతలు తీసుకునే అవకాశం ఆంగ్లేయ అధికారులకు లేదు. స్థానికులను యాత్రికుల వేషంలో పంపాలని కెప్టెన్ థామస్ జార్జ్ మాంట్‌గోమరీ సంకల్పించాడు. 1863లో నైన్ సింగ్‌ను, అతని బంధువు మణి సింగ్‌ను డెహ్రాడూన్‌కు రప్పించి, రెండేళ్లపాటు శిక్షణ ఇచ్చారు.

ఎగుడుదిగుడు నేలపైన కూడా ఒకే నిడివి గల అడుగు వేయడం శిక్షణలో ముఖ్యాంశం. బౌద్ధ జపమాలలో 108 పూసలుండగా, ఇతని మాలలో 100 మాత్రమే ఉండేవి. ప్రతి నూరు అడుగులకు ఒక పూస జరిపితే, మాల ఒకసారి తిరిగేసరికి 10,000 అడుగులు, అంటే సుమారు 5 మైళ్లు అయ్యేది. కొలతలు వ్రాసిన కాగితాలను ప్రార్థనా చక్రంలో మంత్రపు చుట్ట ఉండవలసిన చోట దాచేవాడు. సెక్స్టెంట్ పెట్టె అడుగున రహస్యపు అరలోను, ఉష్ణమాపకం చేతికర్రలోను, పాదరసం గవ్వలలోను ఉండేవి.

కొలత విధానం

దారి మలుపు తిరిగిన ప్రతి చోట దిక్సూచితో ముందున్న మార్గపు దిశను చూసి, అక్కడి నుండి అడుగులు లెక్కించేవాడు. దూరాన కనిపించే శిఖరం, మఠం వంటి కొండగుర్తుల దిశను కూడా నమోదు చేసేవాడు. ఒకే శిఖరాన్ని రెండు వేర్వేరు చోట్ల నుండి చూసి, ఆ రెండు దిశలను పటంపై గీతలుగా గీస్తే, అవి ఖండించుకునే బిందువే శిఖరం ఉన్న చోటు. అయితే అడుగుల లెక్కలోని చిన్న తప్పులు దూరం పెరిగేకొద్దీ పోగుపడతాయి. అందువలన ముఖ్యమైన మజిలీలలో పాదరసాన్ని గిన్నెలో పోసి దర్పణంగా వాడుకొని, సెక్స్టెంట్‌తో సూర్యుని, నక్షత్రాల ఎత్తును కొలిచేవాడు. దీనివలన అక్షాంశం తెలిసి, ఉత్తర దక్షిణాలుగా వచ్చిన తప్పులు సరిదిద్దబడేవి. నీరు మరిగే ఉష్ణోగ్రతను బట్టి సముద్రమట్టం నుండి ఎత్తును లెక్కించేవారు.

లాసా యాత్ర

1865లో బయలుదేరిన నైన్ సింగ్ నేపాల్ మీదుగా టిబెట్టులో ప్రవేశించి, 1866 జనవరిలో లాసా చేరాడు. అక్కడ సుమారు మూడు నెలలు ఉన్నాడు. డబ్బు అయిపోగా నేపాలీ వర్తకులకు లెక్కలు నేర్పి పొట్టపోసుకున్నాడు. అనుమతి లేకుండా నగరానికి వచ్చిన ఒక చైనీయుని శిరచ్ఛేదం కళ్లారా చూశాక, బయట తిరగడం తగ్గించాడు. ఇద్దరు కాశ్మీరీ వ్యాపారులు ఇతని వేషాన్ని పసిగట్టినా, ఆ రహస్యాన్ని బయటపెట్టలేదు.

ఏప్రిల్‌లో బయలుదేరి, త్సాంగ్‌పో నది (బ్రహ్మపుత్ర ఎగువ భాగం) వెంట పడమరగా మానససరోవరం వరకు నడిచి, అదే సంవత్సరం అక్టోబరులో డెహ్రాడూన్ చేరాడు. మొత్తం సుమారు 1,200 మైళ్ల మార్గాన్ని కొలిచాడు. ఇతని పరిశీలనల నుండి లెక్కించిన లాసా అక్షాంశం 29°39'17". నేటి కొలతలతో ఇది దాదాపు సరిపోతున్నది.

తరువాతి యాత్రలు

1867లో పశ్చిమ టిబెట్టులోని థోక్ జాలుంగ్ బంగారు గనులకు వెళ్లాడు. 1874-75లో లేహ్ నుండి లాసాకు ఉత్తరపు దారిన వెళ్లి, తవాంగ్ మీదుగా అస్సాం చేరాడు. ఈ మార్గం సుమారు 1,400 మైళ్లు. ఏళ్ల తరబడి పడిన శ్రమతో ఆరోగ్యం, కంటిచూపు దెబ్బతినడంతో యాత్రలు విరమించి, కొత్త సర్వేయర్లకు శిక్షణ ఇచ్చాడు.

గుర్తింపు

రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీ 1868లో బంగారు గడియారాన్ని, 1877లో స్వర్ణ పతకాన్ని ప్రదానం చేసింది. ఇతడు మరణించిన సంవత్సరం కొన్ని గ్రంథాలలో 1882గాను, మరికొన్నింటిలో 1895గాను కనిపిస్తుంది. భారత తపాలా శాఖ 2004లో ఇతని స్మారకంగా తపాలా బిళ్ల విడుదల చేసింది.