బొగ్గు జాడ చూపిన డాక్టర్ విలియం కింగ్

సింగరేణి పేరు వినని వారు మన తెలంగాణలో ఉండరు. రామగుండం ఎన్.టి.పి.సి.లో ఆ బొగ్గు మండుతుంటే మన ఊళ్ళకు కరెంటు వస్తోంది. ఆ బొగ్గును 1871లో ఇల్లందు దగ్గర గుర్తించిన డాక్టర్ విలియం కింగ్ గారి జీవితాన్ని, దానితో ముడిపడిన ఒక పెద్ద సంగతిని ఈ సంచికలో మీ ముందు ఉంచుతున్నాము.

తండ్రి పేరు కూడా విలియం కింగే. ఆయన గాల్వే పట్టణంలోని కళాశాలలో ప్రొఫెసరు. నియాండర్తల్ మానవుడికి 1864లో శాస్త్రీయ నామం పెట్టింది ఆయనే. అంతకు ముందే, 1850లో, ఇంగ్లాండులోని పెర్మియన్ యుగపు శిలాజాల మీద పెద్ద గ్రంథం రాశారు. అందులో బ్రాకియోపోడులు అనే రెండు చిప్పల సముద్ర జీవులకు ముఖ్య స్థానం ఉంది.

కొడుకు 1857లో భారత భూగర్భ సర్వేలో చేరారు. ఆ రోజుల్లో సర్వే అధికారులు చలికాలమంతా డేరాలు వేసుకొని అడవుల్లో తిరిగేవారు. కింగ్ గారు కడప, కర్నూలు రాళ్ళను పరిశీలించి 1872లో నివేదిక ప్రచురించారు. మనకు దగ్గరలోని కందకుర్తి వద్ద తెలంగాణలో అడుగుపెట్టే గోదావరికి ప్రాణహిత కలిసిన తర్వాతి లోయను చాలాకాలం శోధించి, 1881లో మరో నివేదిక ఇచ్చారు. 1887 నుండి 1894 వరకు ఆ సంస్థకు డైరెక్టరుగా పనిచేసి, 1900లో కన్నుమూశారు. సింగరేణిలో ఒక బొగ్గు పొరను ఇప్పటికీ కింగ్ సీమ్ అనే అంటారు.

ఇక్కడే ఒక విచిత్రం ఉంది. కొడుకు కనుగొన్న బొగ్గు, తండ్రి పరిశీలించిన చిప్పలు రెండూ పెర్మియన్ యుగానివే. ఆ యుగం సుమారు 25 కోట్ల 20 లక్షల ఏళ్ళ క్రితం ఘోరంగా ముగిసింది. సైబీరియాలో భూమి చీలి లావా పొంగింది. ఆ వేడికి అక్కడి బొగ్గు పొరలు కూడా కాలి, అంతులేని కార్బన్ డయాక్సైడు గాలిలో చేరింది. భూమి వేడెక్కింది. సముద్రంలో ఆక్సిజన్ తగ్గింది, నీటిలో ఆమ్లగుణం పెరిగింది. సముద్ర జీవజాతుల్లో ప్రతి పదింటిలో ఎనిమిదికి పైగా నశించాయి. బ్రాకియోపోడుల్లోనూ చాలా జాతులు పోయాయి. ఆనాటి బ్రాకియోపోడు చిప్పల్లోని బోరాన్‌ను పరీక్షించిన శాస్త్రజ్ఞులు, సముద్రం ఆమ్లంగా మారిన తీరును 2020లో వెల్లడించారు.

చిప్పకు, ఆమ్లానికి ఉన్న వైరం తెలుసుకోవాలంటే హాస్టల్లో గుడ్డు పెట్టిన రోజు దాని పెంకు మీద నిమ్మరసం పిండి చూడండి. బుడగలు వస్తాయి. పెంకైనా చిప్పైనా కాల్షియం కార్బొనేటే. కార్బన్ డయాక్సైడు సముద్రపు నీటిలో కరిగి కార్బోనిక్ ఆమ్లం అవుతుంది. దానివల్ల చిప్ప కట్టుకోవడానికి కావలసిన కార్బొనేటు తగ్గిపోతుంది.

నేడు మనుషులు బొగ్గు, పెట్రోలు మండించడం వల్ల అదే పని మళ్ళీ మొదలైంది. పరిశ్రమలు రాకముందు సుమారు 8.2 ఉన్న సముద్రపు పి.హెచ్. ఇప్పుడు 8.1 దగ్గరికి దిగింది. అంకెలో తేడా చిన్నదే అయినా, ఆమ్లగుణం నాలుగో వంతుకు పైగా పెరిగినట్టు లెక్క.

ఇందులో కింగ్ గారి తప్పేమీ లేదు. ఆయన వెలికితీసిన సంపద మీద వేల కుటుంబాలు బతుకుతున్నాయి. బావులు రేపే మూసేయమనడం తేలిక, ఆ కుటుంబాలకు వేరే బతుకు చూపడం కష్టం. అయినా ఆ దారి వెతకక తప్పదు. కొడుకు చూపిన బొగ్గు మనకు వెలుగునిచ్చింది. తండ్రి చదివిన చిప్పలు మనల్ని హెచ్చరిస్తున్నాయి. ఈ రెండు పాఠాలనూ కలిపి చదివి, బొగ్గు లేని వెలుగును కనిపెట్టేవారు మన హాస్టళ్ళ నుండి కూడా రావాలని కోరుకుంటున్నాము.